మచ్చు ఎవరి పెట్టెలో ఉంది?

గుడివాడలో కొత్త ట్రాక్టరో కారో కొన్నవాడికి ఆరు నెలలు తిరక్కముందే గేరుబాక్సు మొరాయిస్తే, షోరూములో దొరికే జవాబు చాలాసార్లు ఒకటే: లోపం బండిలో లేదు, వాడకంలో ఉంది. వారంటీ కాగితం చేతిలోనే ఉంటుంది గానీ, ఆ కాగితం ఈ లోపానికి వర్తిస్తుందో లేదో తేల్చేది ఆ కాగితం రాసినవాళ్ళే. పేచీ అక్కడ తెగకపోతే బందరు (మచిలీపట్నం)లోని జిల్లా వినియోగదారుల కమిషన్ గడప ఎక్కాలి. ఇలాంటి పేచీలు బందరుకు కొత్తవి కావు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో వర్తకం ఎక్కువగా అద్దకపు గుడ్డల మీదా తెల్ల తానుల మీదా నడిచింది, సరుకు ఒప్పుకున్నట్టు ఉందా లేదా అన్న తగువు ఆ వర్తకాన్ని ఏనాడూ వదల్లేదు. ఆ తగువుల చరిత్ర చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: సరుకు హామీ మీద వచ్చే పేచీలో గెలుపోటములు లోపం ఎంత పెద్దదన్న దానికన్నా, మచ్చు ఎవరి దగ్గరుంది, లోపాన్ని తేల్చే అధికారం ఎవరిది అన్న దాన్నిబట్టే ఎక్కువగా తేలాయి.

డచ్చివాళ్ళు 1605లో బందరు రేవుకు చేరి, మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను అనుమతితో కొఠీ (వర్తక స్థావరం) పెట్టుకున్నారు. 1611లో పీటర్ ఫ్లోరిస్ బృందంతో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. వాళ్ళకు అసలు కావలసినవి తూర్పు దీవుల మిరియాలూ లవంగాలూ. అక్కడివాళ్ళు వాటికి బదులుగా కోరింది కోరమాండల్ గుడ్డ. అదీ ఏదో ఒక గుడ్డ కాదు, ఏ దీవికి ఆ దీవి అలవాటుపడిన రంగు, అంచు, పొడవు ఉండాలి. అంచు రంగు మారితే తాను ఎంత చక్కగా నేసినా అక్కడ అమ్ముడుపోదు. అందుకే మచ్చు గుడ్డ ఈ వ్యాపారానికి ఆయువుపట్టు అయింది. కొఠీవాళ్ళు మచ్చు చూపించి స్థానిక వర్తకులకు బయానా ఇస్తే, వర్తకులు దాన్ని నేత ఊళ్ళకు చేర్చేవారు. గుడ్డకు కొలత లేకపోలేదు. పడుగులో ఎన్ని పుంజాలున్నాయన్న దాన్నిబట్టి నేత నాణ్యాన్ని లెక్కగట్టేవారు. పుంజమంటే నూట ఇరవై పోగులు. పోగులు లెక్కపెట్టవచ్చు, పొడవు మూరవేయవచ్చు. కానీ నేత బిగువునూ, ఎరుపు నిలకడనూ ఏ కొలబద్దతో కొలుస్తారు? ఆ ఎరుపు చిరువేరుతో వచ్చేది. ఈ డెల్టా ప్రాంతపు దీవుల్లో దొరికే వేరుకు ఎంత పేరుందో 1618 నుంచి 1622 దాకా బందరు ఇంగ్లీషు కొఠీ పెద్దగా ఉన్న విలియం మెత్‌వల్డ్ రాతలనుబట్టి తెలుస్తుంది. కొలతకు లొంగని ఈ చోట్లే తగువు పుట్టేది.

సరుకు గోదాముకు చేరాక దాన్ని రకాలుగా ఏరేవారు. మొదటి రకానికి ఒప్పుకున్న ధర, రెండో మూడో రకాలకు కోత, మిగిలింది తిరుగు సరుకు. ఏరేవాడు కొఠీ మనిషి, సరిపోల్చే మచ్చూ కొఠీదే. పైకి చూస్తే ఆట మొత్తం కొన్నవాడి చేతిలోనే ఉన్నట్టుంటుంది. అయినా పదిహేడో శతాబ్దంలో అలా జరగలేదు. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. డచ్చి, ఇంగ్లీషు, 1669లో వచ్చి చేరిన ఫ్రెంచి కొఠీలు ఒకే ఊళ్ళో, ఒకే నేతగాళ్ళ గుడ్డకోసం పోటీపడ్డాయి. వాళ్ళకన్నా ముందునుంచీ పారసీక దేశానికి సరుకు పంపే వర్తకులు ఉండనే ఉన్నారు. ఒక కొఠీ తిప్పికొట్టిన తాను మరో కొఠీకో, పారసీక వర్తకుడికో, ఏమీ కాకపోతే ఊరి సంతకో చేరేది. నేతగాడికి ఇంకో అండ కూడా ఉండేది: తీసుకున్న బయానా తిరిగిచ్చి ఒప్పందం వదులుకోవచ్చునన్న ఆచారం. కొన్నవాడికి మాత్రం ఆ వెసులుబాటు అంత తేలిగ్గా దొరికేది కాదు. ఒకడు కాదన్నదాన్ని కొనడానికి ఇంకొకడున్నంత కాలం, కాదనేవాడు హద్దు మీరి కాదనలేడు. అప్పటి నేతగాడికి కోర్టు లేకపోయినా న్యాయం లాంటిది కొంతైనా దక్కిందంటే కారణం ఇదే.

అయితే నేతగాళ్ళు మోసం చెయ్యలేదా అని ఎవరైనా అడగవచ్చు. చేశారు. తాను పైమడతల్లో బిగువుగా నేసి లోపల పల్చగా వదలడం, గంజి దట్టించి బరువు చూపించడం, మూరెడు తగ్గించడం లాంటి ఫిర్యాదులు అన్ని కొఠీల ఉత్తరాల్లోనూ ఉన్నాయి. అవన్నీ అబద్ధాలనడానికి ఆధారం లేదు. కానీ ఆ ఫిర్యాదులు ఎప్పుడెప్పుడు పెరిగాయో కూడా చూడాలి. తాను ధర ఏళ్ళ తరబడి దాదాపు కదలకుండా ఉండేది. బియ్యం, దూది ధరలు మాత్రం వానల్నిబట్టి ఎగిరేవి. 1630 ప్రాంతపు కరువు ఈ తీరాన్నీ తాకింది. అలాంటి ఏళ్ళలో అదే ధరకు అదే గుడ్డ నేస్తే మగ్గం మీద కూర్చున్నవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. ధర పెంచే దారి మూసుకుపోయినప్పుడు పుంజాలు తగ్గాయి. కొఠీవాడు మోసమని రాసుకున్న దానిలో కొంత, నిజానికి ఒప్పందపు ధరలోనే ఉన్న లోపం. నేరం ఎవరిదని కాక, తేల్చే మనిషికి ఆ తీర్పులో లాభం ఉందా లేదా అని అడిగితేనే చిక్కు విడుతుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ నౌకర్లు జీతం మీద కాక సొంత వ్యాపారం మీద బతికిన కాలమది. 1676లోనూ 1679లోనూ కంపెనీ అధికారి స్ట్రీన్‌షామ్ మాస్టర్ బందరు దాకా వచ్చి చక్కదిద్దబోయింది ఇలాంటి నౌకర్ల లెక్కల్నీ, వాళ్ళలో వాళ్ళ కీచులాటల్నీ.

తర్వాత తూకం ఒకవైపు ఒరిగింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ నుంచి బందరు కోట పట్టుకున్నాడు. 1766లో నైజాముతో కుదిరిన ఒప్పందంతో ఈ తీరపు ఉత్తర సర్కార్లు కంపెనీ పరమయ్యాయి. గుడ్డ కొనేవాడూ, శిస్తు వసూలు చేసేవాడూ, శిక్షించేవాడూ ఒక్కడే అయ్యాడు. క్రమంగా మధ్యనున్న వర్తకుల్ని తొలగించి, గుమాస్తాల ద్వారా నేతగాళ్ళకే నేరుగా బయానా ఇచ్చే పద్ధతి పెట్టారు. దళారి పోతే నేతగాడికి మేలే కదా అని కంపెనీ వాదం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ దళారి నష్టంలో కొంత తన నెత్తిన వేసుకునేవాడు, తిరుగు సరుకుకు వేరే గిరాకీ వెతికేవాడు. అతను పోయాక తిరుగు సరుకు భారమంతా మగ్గం మీద పడింది. బయానా వెనక్కిచ్చి బయటపడే దారీ మూశారు. కంపెనీ బాకీ ఉన్నవాడు ఇంకొకరికి నెయ్యకూడదు. మచ్చు అదే, పుంజాల లెక్క అదే, ఏరే పద్ధతీ అదే. మారింది ఒక్కటే: కాదన్న తానును కొనడానికి రెండోవాడు లేడు. 1798 ప్రాంతంలో గోదావరి డెల్టా నేతగాళ్ళు కంపెనీకి ఎదురుతిరగడానికి వేరే కారణాలూ ఉండవచ్చు గానీ, ఇది చిన్న కారణం కాదు.

అప్పటి కథలో కొన్నవాడు బలవంతుడు, అమ్మినవాడు బలహీనుడు. ఇప్పటి బండి పేచీలో తలకిందులు కదా, ఈ పోలిక ఎలా నిలుస్తుందని ఒక ఆక్షేపణ. పోలిక నిలిచేది సరిగ్గా అందువల్లే. పాత్రలు మారినా మచ్చును దగ్గర పెట్టుకున్నవాడే తీర్పు చెప్పే పద్ధతి మారలేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో మచ్చు చూపి అమ్మిన సరుకుకు ప్రత్యేకంగా ఒక సెక్షను ఉంది. మొత్తం సరుకు మచ్చుకు సరిపోవాలనీ, పోల్చి చూసుకునే అవకాశం కొన్నవాడికి ఇవ్వాలనీ, మామూలు పరీక్షకు కనిపించని లోపం ఉండకూడదనీ అది చెబుతుంది. బందరు గోదాములో వినబడిన వాదనలే అక్కడ సెక్షన్లుగా కనిపిస్తాయి. కాకపోతే ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఈ హామీలను తగ్గించుకోవచ్చని మరో సెక్షను అంటుంది. వారంటీ కాగితంలోని చిన్న అక్షరాలన్నీ ఆ సందులోంచే వచ్చాయి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని మార్చడం వరకే వారంటీ హామీ ఉందంటూ, కారు మొత్తం మార్చి ఇమ్మన్న ఆదేశాన్ని పక్కన పెట్టింది. కాగితం రాసినవాడి గీతే గీత అయింది.

1986 వినియోగదారుల చట్టం వచ్చాక కూడా మచ్చు చిక్కు తీరలేదని చెప్పడానికి మన రాష్ట్రపు రైతుల కేసే సాక్ష్యం. నాసి విత్తనాల మీద వాళ్ళు వినియోగదారుల ఫోరానికెక్కితే, పరీక్షకు విత్తనాల నమూనా మీరే చూపించాలని జాతీయ విత్తనాల సంస్థ వాదించింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. విత్తనం చెడ్డదవుతుందని ముందే ఊహించి రైతు కొంత దాచిపెట్టుకుంటాడా అన్నది దాని ప్రశ్న. 2020లో అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం, పరీక్ష లేకుండా లోపం తేలనప్పుడు జిల్లా కమిషనే నమూనా తీసుకుని, ముద్రవేసి ప్రయోగశాలకు పంపాలి. బందరు గోదాముల కాలంలో ఎన్నడూ లేని మూడో మనిషి ఈ కమిషనే. బండి హైదరాబాదులో కొన్నా గుడివాడవాడు తన జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. అయితే పరీక్ష రుసుము ముందు కట్టమని ఫిర్యాదీనే అడిగే వీలుంది. పైగా బండి మొత్తాన్ని మూటగట్టి ముద్ర వెయ్యలేం. దాని అసలు మచ్చు సర్వీసు సెంటరు కంప్యూటరులోనూ జాబ్ కార్డుల్లోనూ ఉంటుంది, అవి అమ్మినవాడి అధీనంలోనివి. నిపుణుడి నివేదిక ఏదని కొన్నవాణ్ణి అడిగేకన్నా ముందు, మొదటి వాయిదాలోనే ఆ రికార్డులన్నీ కమిషన్ ముందు పెట్టమని కంపెనీని ఆదేశించడం రివాజు కావాలి.