చెన్నపట్టణ చరిత్రగ్రంథములు – కావ్యావతారికల ప్రామాణ్యము

చెన్నపట్టణమును గూర్చి వెలసిన చరిత్రగ్రంథములు పెక్కులు గలవు. వానిలో నాంగ్లభాషామయములకే ప్రసిద్ధి హెచ్చు. 1861వ సంవత్సరమున టాల్‌బాయిస్ వీలరు కుంపిణీవారి పాతపత్రములను శోధించి ప్రాచీనమద్రాసు వృత్తాంతమును బ్రకటింప నారంభించెను. 1913లో లవ్ అను సేనాధికారి 1640 మొదలుకొని 1800 వఱకుఁ గల చరిత్రమును మూఁడు సంపుటములుగా వెలువరించెను. 1939లో నగరమునకు మున్నూఱేండ్లు నిండినపుడు సి. ఎస్. శ్రీనివాసాచార్యులవారు సమగ్రమైన నగరచరిత్రమును రచించిరి. ఈ మహనీయుల పరిశ్రమమునకు మనము కృతజ్ఞులమై యుండవలయును. అయినను వీనికిఁ బ్రధానాధారము కుంపిణీవారి లేఖలే. వర్తకుఁడు తన లాభనష్టములను వ్రాసికొనును గాని పొరుగువాని వంశగౌరవమును వ్రాయఁడు. అట్టి యంశములకు మన గ్రంథములను వెదకవలసియున్నది. వెదకుటకు ముందు వాని నెట్లు చదువవలయునో నిర్ణయించుకొనుట యావశ్యకము.

ఈ విషయమున నా ప్రమాదమునే మొదట నొప్పికొనెదను. నేను చిరకాలము విద్యార్థులకు "చెన్నపట్టణ మనఁగాఁ జెన్నగు పట్టణము" అని బోధించుచు వచ్చితిని. చెన్ను శబ్దము సౌందర్యవాచకము, సమాసము నిర్దుష్టము, అంతటితోఁ దృప్తిపడితిని. ఒకనాఁడు విద్యార్థి యొకఁడు, "పంతులుగారూ! కోట కట్టక పూర్వ మచ్చట నిసుకమేటయే కదా యుండినది, ఆ చెన్నెక్కడిది?" అని యడిగెను. నాకుఁ బ్రత్యుత్తరము తోఁపలేదు. వ్యుత్పత్తి పొసఁగినంతమాత్రమునఁ జరిత్రము సిద్ధింపదని నాఁడు తెలిసికొంటిని. అవయవార్థము పదముయొక్క శక్తిని దెలుపును. ఆ పేరు పెట్టినవారి యభిప్రాయమును దెలుపఁజాలదు. దానికి సాక్షి వేఱుగా నుండవలయును.

ఆ సాక్షి తెనుఁగుననే యున్నది. దామెర్ల వంశజుఁడగు నంకభూపాలుఁడు ఉషాపరిణయ మను కావ్యమును రచించెను. తద్గ్రంథావతారికలో, ప్రళయకావేరికిని మయిలాపురమునకును నడుమ, తఱచుగా జరుగు కలహముల నడంచుటకై, అయ్యప్ప తన తండ్రియగు చెన్నప్ప పేరఁ బట్టణమును గట్టించెనని కలదు. ప్రళయకావేరి యనఁగాఁ బులికాటు. అచ్చట హాలండువారి కోట యుండెను. మయిలాపురముచెంత సాంతోమున బుడతకీచు లుండిరి. ఈ రెండు జాతులకును దీరమున సర్వదా వైరమే. కావున నవతారికలోని మాట కేవల వంశస్తుతి గాక దేశకాలపరిస్థితులకుఁ దగినట్లున్నది.

కాని యాంగ్లగ్రంథములన్నియు నగరస్థాపకుఁడు ఫ్రాన్సిస్ డే యని చెప్పుచున్నవి. మచిలీపట్టణమున నధికారియైన ఆండ్రూ కోగన్ సమ్మతితో దుగరాజపట్టణపు ఠాణానుండి డే వచ్చి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకునివలనఁ గౌలు పుచ్చుకొనెను; 1640లోఁ గోట ప్రారంభమయ్యెను. మఱి యవతారిక యసత్యమా? కాదని నా నిశ్చయము. వ్యాకరణమున స్వతంత్రకర్తయనియుఁ బ్రయోజకకర్తయనియు భేదము గలదు. వంటవాఁడు వండును, యజమానుఁడు వండించును. రెండు వాక్యములును సత్యములే. నాయకుఁ డిచ్చిన కౌలులోఁ గోటను దానే కట్టించి యిత్తునను మాట యున్నది; తుదకు వ్యయము కుంపిణీవారిపైఁ బడినది. కావునఁ గట్టినవారు వారు, కట్టింపఁ దలఁచినవారు వీరు. ఆంగ్లలేఖకుఁడు మొదటి కర్తను, దెలుఁగుకవి రెండవ కర్తను జెప్పిరి. ఒక దానిచే నింకొకటి బాధితము గాదు. ఒక దానినే చదివినవానికి మాత్రము చరిత్ర మర్ధాంగమై నిలుచును.

ఇంక మద్రాసు అను నామము. బెస్తల పెద్ద యొకని తోఁటలోఁ గోట కట్టుచు నతనిఁ దృప్తిపఱుచుటకై యతనిపేరఁ బట్టణమును బిలిచిరని యొక జనశ్రుతి గలదు. కథ వినసొంపుగా నున్నది. కాని కోట పుట్టకముందే యిచ్చిన కౌలులోనే మద్రాసుపట్టణ మను పేరు గానఁబడుచున్నది. కార్యమునకుఁ బూర్వమునందున్న దానికి నా కార్యమే కారణ మనుట యెట్లు పొసఁగును? కావున మద్రాసు పూర్వగ్రామనామమనియు, చెన్నపట్టణము నాయకులు పెట్టిన పేరనియు నంగీకరింపవలయును. 1645లో శ్రీరంగరాయ లొసఁగిన కౌలులో నీ పట్టణము రాయల పేరనే వ్యవహరింపఁబడినది. ఆశ్చర్యమేమన, బెస్తవాడల పేరును నాయకుని తండ్రి పేరును నిలిచినవి. రాజాధిరాజు పేరు మాత్రము పత్రముననే నశించినది. నామములకు రాజాజ్ఞకంటె లోకవ్యవహారమే బలవత్తర మనుటకు నింతకన్న నిదర్శనము వలదు.

తరువాతికాలపు సంస్కృతిని దెలియుటకును మన గ్రంథములు గలవు. ఏనుఁగుల వీరాస్వామయ్య 1830లో నీ నగరమునుండి బయలుదేఱి, 1831లో మరల వచ్చి చేరెను. 1838లో ముద్రితమైన యాతని కాశీయాత్రచరిత్రము తెనుఁగు వచనమున నమూల్యము. అట్లే 1800 ప్రాంతపు నగరమును వర్ణించు సర్వదేవవిలాస మను సంస్కృతగ్రంథమును రాఘవన్ పండితులు ప్రకటించిరి. దానిలో వివేకి, అతివివేకి యను మిత్రు లిరువురు వీథులఁ దిరుగుచు దాతలను, విద్వాంసులను, గాయకులను జూచి సంభాషించుకొందురు. కోటలోని లెక్కలలో నీ గాయకుల పాట వినఁబడదు.

ఈ చర్చ కేవల పాండిత్యవినోదము గాదు. 1953లో నాంధ్రరాష్ట్ర మేర్పడునపుడు చెన్నపట్టణము మనకు దక్కలేదు. ఆ వివాదకాలమున మనవారు దామెర్లవారి పేరును స్వత్వపత్రముగాఁ జూపిరి; ఎదుటివారు తమిళగ్రామనామములను జూపిరి. పేరు పెట్టినవాఁ డొకఁడు, నివసించినవారు పలువురు. నామమునుబట్టి స్వామ్యము సిద్ధింపదు. 1996లో నగరమునకుఁ జెన్నై యని యధికారనామ మేర్పడినపుడు కొందఱు తెలుఁగువారు తమ పేరే నిలిచెనని సంతసించిరి. సంతసింపవచ్చును. కాని వ్యాజ్యమునకై చదివినవాఁడు గ్రంథమునందుఁ దనకుఁ గావలసిన పుటనే చూచును. తక్కిన పుటలు వానికి మూఁతపడియుండును. ఉషాపరిణయావతారిక యట్లే యొక పక్షమువారి యాయుధమై, రెండవ పక్షమువారికి నవిశ్వాసపాత్రమైనది. ఇది కవికిఁ జేసిన యపచారము.

కావునఁ బండితులకు నా విన్నపము: కావ్యములను బోధించునపుడు కథారంభమునుండియే మొదలిడి యవతారికలను విడువకుఁడు. వానిలోని స్తుతిని స్తుతిగాను, వృత్తాంతమును వృత్తాంతముగాను వేఱుపఱిచి, పత్రములతోఁ బోల్చి చూడుఁడు. పొసఁగినది గ్రహింపుఁడు, పొసఁగనిది తెలుఁగున నున్నదను నభిమానముచే నిలుపకుఁడు. నా ప్రశ్నకర్తయగు విద్యార్థికి నాఁడీయలేని యుత్తరము నిట్లు లిఖించితిని. చెన్నపట్టణమునఁ జెన్ను పిమ్మట వచ్చినది. చెన్నప్ప ముందు వచ్చెను.