ఏఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్: కోట్లు లేని వేలం.. 18 ఏళ్ల కుర్రాళ్ల కోసం క్లబ్‌లు వేసే లెక్కలివే!

ఐపీఎల్ వేలంలో ఆర్టీఎం కార్డు గురించి అందరికీ తెలిసిందే. ఒక ఆటగాడిని వేరే టీమ్ పాడుకుంటే, పాత టీమ్ అదే రేటు ఇచ్చి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఏఎఫ్‌ఎల్‌లోనూ దాదాపు ఇలాంటి రూలే ఉంది. కాకపోతే అక్కడ చెల్లించేది డబ్బు కాదు, పాయింట్లు. అదీ అప్పుడే స్కూల్ చదువు పూర్తి చేసిన కుర్రాళ్ల కోసం!

2020లో పట్టికలో అట్టడుగున నిలిచిన అడిలైడ్ క్లబ్‌కు డ్రాఫ్ట్‌లో ఫస్ట్ పిక్ దక్కింది. జమారా ఉగ్లే-హేగన్ పేరు చెప్పింది. కానీ ఆ కుర్రాడు వెళ్లింది మాత్రం వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు. ఆ సీజన్‌లో బుల్‌డాగ్స్ ఫైనల్స్ సిరీస్ కూడా ఆడింది. మరి ఇదెలా సాధ్యం?

అసలు డ్రాఫ్ట్ అంటే ఏంటి?

ఏఎఫ్‌ఎల్‌లో 18 క్లబ్‌లు ఉన్నాయి. ఏటా నవంబర్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది. పట్టికలో కింద ఉన్న క్లబ్‌కు ముందు ఛాన్స్, ఛాంపియన్‌కు చివరి ఛాన్స్. బలహీనమైన టీమ్ మంచి కుర్రాళ్లతో కోలుకోవాలన్నదే దీని ఉద్దేశం. ఏ క్లబ్‌కు ఆడాలో ఎంచుకునే హక్కు మాత్రం ఆటగాడికి ఉండదు.

అయితే దీనికి మినహాయింపులు ఉన్నాయి. తండ్రి ఒక క్లబ్‌కు కనీసం 100 సీనియర్ మ్యాచ్‌లు ఆడి ఉంటే, కొడుకు మీద ఆ క్లబ్‌కు ముందస్తు హక్కు ఉంటుంది. దీన్నే ఫాదర్-సన్ రూల్ అంటారు. సిడ్నీ, జీడబ్ల్యూఎస్, బ్రిస్బేన్, గోల్డ్‌కోస్ట్ క్లబ్‌లకు సొంత అకాడమీ కుర్రాళ్ల మీదా ఇలాంటి హక్కే ఉంది. ఆదివాసీ కుటుంబాల పిల్లలు, ఆసియా, ఆఫ్రికా మూలాలున్న పిల్లల కోసం నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు ఉన్నాయి. ఉగ్లే-హేగన్ ఈ దారిలో వచ్చినవాడే. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ఆటలోకి వస్తే, వాళ్లకూ తెరిచి ఉన్న తలుపు ఇదే.

బిడ్ ఎలా వేస్తారు?

హక్కు ఉంది కదా అని ఊరికే ఇవ్వరు. రేటు ఫిక్స్ చేసేది ప్రత్యర్థి క్లబ్. తన వంతు వచ్చినప్పుడు ఆ కుర్రాడి పేరు చెబితే అదే బిడ్. హక్కున్న క్లబ్ మ్యాచ్ చేస్తే ఆటగాడు దానికే వెళ్తాడు. బిడ్ వేసిన క్లబ్ తర్వాతి నంబర్‌లో మరొకరిని తీసుకోవాలి.

2015 నుంచి ప్రతి పిక్‌కూ పాయింట్ల విలువ ఉంది. అప్పటి టేబుల్ ప్రకారం 1వ పిక్‌కు 3000, 2వ పిక్‌కు 2517, 4వ పిక్‌కు 2034 పాయింట్లు. పైగా ఫస్ట్ రౌండ్‌లో మ్యాచ్ చేసే క్లబ్‌కు 20 శాతం డిస్కౌంట్! అంటే ఉగ్లే-హేగన్ ఖరీదు 2400 పాయింట్లే. ఆ పాయింట్ల కోసం పెద్ద పిక్ ఉండాల్సిన పని లేదు. కింది స్థాయి పిక్‌లు నాలుగైదు కలిపినా సరిపోతుంది. అసలు మతలబు ఇక్కడే ఉంది.

పెద్ద నోటు ఇచ్చి చిల్లర తీసుకున్నట్టు..

2023లో గోల్డ్‌కోస్ట్ చేసింది చూస్తే ఈ వ్యూహం అర్థమవుతుంది. ఆ క్లబ్ తన 4వ పిక్‌ను బుల్‌డాగ్స్‌కు ఇచ్చేసింది. బదులుగా 10, 17వ పిక్‌లు, మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకుంది. 4వ పిక్ విలువ 2034. 10, 17 కలిపితే 1395 ప్లస్ 1025, మొత్తం 2420! అలా పోగేసిన పాయింట్లతో జెడ్ వాల్టర్, ఈథన్ రీడ్, జేక్ రోజర్స్, విల్ గ్రాహమ్.. నలుగురు అకాడమీ కుర్రాళ్లనూ ఫస్ట్ రౌండ్‌లోనే దక్కించుకుంది.

మరి ప్రత్యర్థులు కావాలనే రేటు పెంచొచ్చు కదా? పెంచొచ్చు. కానీ రిస్క్ ఉంది. హక్కున్న క్లబ్ మ్యాచ్ చేయకపోతే, బిడ్ వేసినవాళ్లే ఆ కుర్రాడిని తీసుకోవాల్సిందే. అందుకే ఉత్తుత్తి బిడ్‌లు వేయాలంటే ధైర్యం కావాలి.

గొడవంతా ఎక్కడ?

2021లో గోల్డ్‌కోస్ట్ 4వ పిక్‌తో నిక్ డైకోస్ మీద బిడ్ వేసింది. తండ్రి పీటర్ డైకోస్ ఆడిన కాలింగ్‌వుడ్ వెంటనే మ్యాచ్ చేసింది. రెండేళ్లకే, 2023లో ఆ క్లబ్ ఛాంపియన్ అయింది. బ్రిస్బేన్ అయితే మార్కస్ యాష్‌క్రాఫ్ట్ ఇద్దరు కొడుకులనూ ఇలాగే తెచ్చుకుంది. 2022లో 2వ పిక్ దగ్గర విల్, 2024లో 5వ పిక్ దగ్గర లెవీ. లెవీని తీసుకున్న ఏడాదే బ్రిస్బేన్ ఛాంపియన్! 2024, 2025 గ్రాండ్ ఫైనల్స్ రెండింటిలోనూ బెస్ట్ ప్లేయర్‌కిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ విల్‌కే దక్కింది. కింద ఉన్నవాళ్లను పైకి తేవాల్సిన డ్రాఫ్ట్, పైనున్నవాళ్లనే ఇంకా పైకి లేపుతోందన్నది విమర్శకుల వాదన.

అకాడమీల వైపు వాదన వేరు. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి తయారు చేసిన కుర్రాడిని వేరేవాళ్లు ఎత్తుకెళ్తే ఇక శ్రమ పడేదెవరు? 2021లో అదే జరిగింది. టాప్ 20లో మ్యాచ్ చేయకూడదన్న ఆంక్ష వల్ల మెల్‌బోర్న్ క్లబ్ అకాడమీ కుర్రాడు మాక్ ఆండ్రూ 5వ పిక్‌లో గోల్డ్‌కోస్ట్‌కు వెళ్లిపోయాడు. తర్వాత టాప్ 40 దాకా పెంచిన ఆ ఆంక్షను 2024 డ్రాఫ్ట్ నాటికి ఎత్తేశారు. దాంతో ఎసెండన్ తన అకాడమీ కుర్రాడు ఐజాక్ కాకోను 13వ పిక్ దగ్గర దక్కించుకోగలిగింది.

ఇప్పుడేం మారింది?

2025 నుంచి డిస్కౌంట్‌ను 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. పాయింట్ల టేబుల్‌ను కూడా మార్చి, చివరి పిక్‌ల విలువ తీసేశారు. 2400కు దొరికిన నంబర్ వన్ కుర్రాడికి ఇప్పుడు 2700 కట్టాలి. చిల్లర పోగేసి స్టార్‌ను కొనే రోజులు పూర్తిగా పోలేదు కానీ, ఖర్చు మాత్రం పెరిగింది.