కొలువిచ్చిన రాజు

విజయనగరం కోట అనగానే చాలామందికి బొబ్బిలి యుద్ధమో, పద్మనాభం యుద్ధమో గుర్తొస్తాయి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది ఒక జనాభా లెక్క లాంటి కాగితం. విశాఖపట్నం జిల్లా మైదాన ప్రాంతాల్లో, మూడేళ్ళ వ్యవధిలో, బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఎన్నో జాబితా తీయించమని మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు గారు ఉత్తరువిచ్చారు. తేలినవి 1,034. అంటే ఏడాదికి 344 పైచిలుకు. ఆ పిల్లల్లో 99 మందికి అయిదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు. 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది వయసు. ఆ ఏడాది పాపలకి కట్టిన వెల 350 నుంచి 400 రూపాయలు.

ఆ వెల ఎంతో తెలియాలంటే పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. 1884లో ఇదే మహారాజు గారి హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరిన గురజాడ అప్పారావు గారి జీతం నెలకి 25 రూపాయలు. చదువుకున్న మనిషి ఏడాదికి పైగా పాఠాలు చెప్పి సంపాదించేదంతా కలిపితే ఒక పాల బుగ్గల పిల్ల ఖరీదు. ఆ పెళ్ళిళ్ళ లెక్క మనకి దొరికేది గురజాడ వారి కలం ద్వారానే. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఆయన దీన్ని పొందుపరిచారు. సంబంధిత కుటుంబాలు నిజం దాచిపెట్టడానికే చూస్తాయి కాబట్టి జాబితా సమగ్రం కాదనీ అక్కడే చెప్పారు. నాటకం అంకితం ఆనంద గజపతి గారికే.

కవులకీ పండితులకీ అగ్రహారాలు, కంకణాలు, శాలువలు ఇచ్చిన రాజులు తెలుగునాట కొల్లలు. అందుకు బదులుగా కవులు ఆ రాజుల్ని భోజుడితోనూ కర్ణుడితోనూ పోల్చారు. ఆనంద గజపతి గారినీ అభినవాంధ్ర భోజుడనే అన్నారు. కానీ తన ఏలుబడిలోని ఊళ్ళలో, అందరూ నమస్కరించే ఇళ్ళలో జరుగుతున్న సిగ్గుచేటు పనిని గుమస్తాల చేత లెక్క కట్టించి, దాని మీద దెబ్బతీసే నాటకాన్ని అంకితం పుచ్చుకున్న ప్రభువు నాకు తెలిసి మరొకరు లేరు. ఆయన గొప్పతనం ఇక్కడుందని నేను అనుకుంటాను, ఎన్ని వరహాలు పంచారన్న దాంట్లో కాదు.

ఆయన 1850 డిసెంబరు 31న పుట్టారు. తండ్రి మూడో విజయరామ గజపతి గారు దాతృత్వంలో సముద్రాలు దాటినవారు. లండన్ హైడ్ పార్కులో 1867లో ఆయన పేరున ఒక మంచినీళ్ళ ఫౌంటెన్ వెలిసి, 1964 దాకా నిలిచింది. కోటలో మోతీమహల్ కట్టించిందీ ఆయనే. కాశీ అంటే ఆయనకి ప్రాణం, ఎక్కువ కాలం అక్కడే గడిపారు. 1879లో ఆయన పోయాక ఆనంద గజపతి గారు గద్దెనెక్కారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు చదువుకున్న మనిషి. మద్రాసు శాసనమండలిలో సభ్యుడు. ఊరి నడుమ ఘంటస్తంభం 1885లో లేచింది ఆయన రోజుల్లోనే.

తండ్రి 1857లో పెట్టిన బడి, కొడుకు రాజ్యానికొచ్చిన 1879లోనే కాలేజీ అయింది. మహారాజా కాలేజీ కథని నేను ఆనంద గజపతి గారి సాహిత్య పోషణలో మొదటి అధ్యాయంగా చూస్తాను. ఎందుకంటే ఆ బడి గదుల్లో ఒకే కాలంలో చదువుకున్న ఇద్దరు కుర్రాళ్ళు తెలుగు రాత దారినే మళ్ళించారు. ఒకరు గురజాడ అప్పారావు, రెండోవారు గిడుగు రామమూర్తి. రామమూర్తి పంతులు గారు ఇక్కడ మెట్రిక్యులేషన్ అయ్యాక పర్లాకిమిడి వెళ్ళిపోయి అక్కడి రాజా వారి బడిలో మేష్టరయ్యారు. అప్పారావు గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయనకి ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు తన ఇంట్లోనే చోటిచ్చి, తిండి పెట్టి చదివించారు. రాజు పెట్టిన కాలేజీ, ఆ కాలేజీ పెద్ద పంచిన అన్నం రెండూ కలిస్తేనే ఒక గురజాడ తయారయ్యారు. పోషణ అంటే రాజు ఒక్కడి చేతి మీదుగా జరిగేది కాదనిపిస్తుంది నాకు. రాజు పెట్టిన చెట్టు నీడన ఎవరెవరో వచ్చి చేరి ఒకరినొకరు ఆదుకుంటారు.

1883లో అప్పారావు గారు విద్యార్థిగా ఉండగా ఇంగ్లీషులో రాసిన ‘సారంగధర’ కావ్యం పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఈ ఊళ్ళోనే, అజ్జాడ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ ఆదిభట్ల నారాయణదాసు తన మొదటి హరికథ ‘ధ్రువ చరిత్ర’ చెప్పారు. ఒకరు ఇంగ్లీషు ఛందస్సులో, ఇంకొకరు కాలికి గజ్జె కట్టి. ఆ ఒక్క సంవత్సరాన్ని పట్టుకుని ఒక పుస్తకం రాయొచ్చు.

అప్పారావు గారి విషయంలో మహారాజు చేసిన పని గమనించండి. మేష్టరుగా మొదలైన మనిషి మధ్యలో డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ క్లర్కుగా వెళ్ళి, మళ్ళీ కాలేజీకి లెక్చరరుగా వచ్చారు. 1891లో ఆయన్ని సంస్థాన శాసన పరిశోధకుడిగా వేసుకున్నారు. నెల నెలా జీతం వచ్చే పని, చెయ్యడానికి చేతినిండా పని, అడుగు దూరంలో గ్రంథాలు, మాట్లాడడానికి తనంత చదువుకున్న ప్రభువు. పద్యం చదివిన రోజున కప్పే శాలువా మర్నాటి కూరకి అక్కరకి రాదు. జీతం అలా కాదు. ఒక రచయితకి సావకాశం చిక్కాలంటే ముందు ఇంట్లో బియ్యం ఉండాలని ఎరిగిన రాజు ఆయన.

1892లో జగన్నాథ విలాసిని నాటక సమాజం వారు ‘కన్యాశుల్కం’ ఈ ఊళ్ళో ఆడారు. తెర లేచేది ఎక్కడ? విజయనగరం బొంకులదిబ్బ మీద. అప్పుల వాళ్ళ బారినుంచి తప్పించుకోడానికి పల్లెటూరు బయల్దేరే గిరీశంతో మొదలవుతుంది. ఆస్థాన నాటకమంటే ద్వారకో, హస్తినాపురమో అయి ఉండాల్సిన రోజులవి. అలాంటిది రాజధాని వీధినే రంగస్థలం చేసి, అక్కడ మసలే మోసగాడినీ, సానినీ, లౌక్యుణ్ణీ, వకీళ్ళనీ ఆ రాజధాని మనుషులు మాట్లాడే భాషలోనే నిలబెడితే, ప్రభువు దాన్ని ఆదరించారు. వ్యావహారిక భాషా వాదం ఉద్యమంగా రేగడానికి ఇంకా పదిహేనేళ్ళ పైగా ఉంది. కోట పండితుల్లో ఇది ఎందరికి రుచించి ఉంటుందో ఊహించుకోవచ్చు. సంస్కృత కళాశాల మహా వైయాకరణుల నెలవు. ఆ పండితుల్నీ పోషిస్తూ, వారికి కంటగింపయ్యే నాటకాన్నీ పోషించడానికి మనసు విశాలంగా ఉంటే సరిపోదు, గుండె దిటవూ కావాలి.

ఇప్పుడు మనవాళ్ళు చదివేది చాలా వరకు 1909 కూర్పు. అయిదంకాల నాటకం ఏడంకాలకి పెరిగి, సాని మధురవాణి అంత మనిషి అయింది అందులోనే. కానీ మహారాజు చూసింది మొదటిది. దానికే ఆయన పేరు ముడిపడింది.

ఊరి బయట ఆయన చేసినవి గబగబా చెప్పుకోవచ్చు గానీ ఒకటి మాత్రం ఆగి చెప్పాలి. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని ఆరు సంపుటాలుగా 1849 నుంచి 1874 దాకా అచ్చు వేశారు. దానికి డబ్బు పెట్టింది ఈస్టిండియా కంపెనీ, కంపెనీ పోయాక ప్రభుత్వం. రెండో కూర్పు అవసరమైనప్పుడు ఆ ఖర్చు పెట్టుకున్నది విజయనగరం. 1890–92 మధ్య నాలుగు సంపుటాలుగా ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ ఋగ్వేదం మీద మా ఊరి రాజు పేరుంటుంది. అదే 1890లో కాశీలో ఆర్థర్ వెనిస్ పర్యవేక్షణలో విజయనగరం సంస్కృత గ్రంథమాల మొదలైంది. తండ్రి కాశీ మీద పెంచుకున్న మమకారం కొడుకు చేతిలో అచ్చు పుస్తకాలుగా మారింది. చెన్నపట్నంలో విక్టోరియా పబ్లిక్ హాలుకి 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసిందీ ఆనంద గజపతి గారే. తర్వాత తర్వాత అరవ, తెలుగు నాటకాలకి ఆ హాలు పెద్ద వేదిక అయింది.

ఈ డబ్బంతా ఎక్కడిదన్న ప్రశ్న ఊరి చరిత్ర రాసేవాడు దాటేయకూడదు. 1802 శాశ్వత పైసలా ప్రకారం విజయనగరం జమీందారీ సర్కారుకి ఏటా కట్టే పేష్కష్ అయిదు లక్షల రూపాయలు. ఆ అయిదు లక్షలూ, దాని మీద మిగిలేదీ, రెండూ రైతు గాదెలోంచి వచ్చినవే. ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయిన వేదానికీ, బొంకులదిబ్బ మీద లేచిన తెరకీ, కాలేజీలో బల్లలకీ అసలు పోషకుడు నాగావళి, చంపావతి ఒడ్డున చోడీ, వరీ పండించినవాడు. అతని పేరు ఏ అంకిత పత్రంలోనూ లేదు. అతని దగ్గర వసూలైన శిస్తులో కొంతైనా తిరిగి అతని మనవల చదువుగా మారిందన్నది ఒక్కటే ఈ కథలో కాస్త ఊరట. ఆ రోజుల్లో ఎన్నో జమీందారీల శిస్తు వేటలకీ విందులకీ కరిగిపోయింది.

‘కన్యాశుల్కం’ అచ్చయిన 1897లోనే, మే 23న, మహారాజు కన్నుమూశారు. నలభై ఆరేళ్ళు. పిల్లలు లేరు. తల్లి అలకరాజేశ్వరి గారు ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నారు, ఆ దత్తత మీద దాయాదులు దావా వేశారు. మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబ గారు అప్పారావు గారిని తన ఆంతరంగిక కార్యదర్శిగా తీసుకున్నారు. సంస్థానం నిలబడాలంటే ఆ దావా గెలవాలి. దానికి సాక్ష్యాలు సేకరించడం, కాగితాలు దులపడం, వకీళ్ళ వెంట తిరగడం అప్పారావు గారి మీద పడింది. 1913లో రాజీ కుదిరేదాకా ఆ బరువు దిగలేదు.

కొలువు ఇచ్చిన మేలు చెప్పినప్పుడు కొలువు తీసుకున్నదీ చెప్పాలి. ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ అసంపూర్తిగా మిగిలిపోయాయి. ‘దిద్దుబాటు’, ‘ముత్యాల సరాలు’ 1910 నాటికి గానీ రాలేదు. మధ్యలో పదేళ్ళకి పైగా ఆయన ఆరోగ్యం, ఓపిక కోర్టు కాగితాలకి ఖర్చయ్యాయి. 1915 నవంబరు 30న పోయారు, యాభై మూడేళ్ళకే. ఉప్పు తిన్న ఇంటి రుణం తీర్చుకున్నారని మా ఊరి పెద్దలు గర్వంగా చెప్పేవారు. నాకు ఆ గర్వం ఉంది, దాని పక్కనే బాధ కూడా ఉంది. ఆనంద గజపతి గారు ఇంకో పదిహేనేళ్ళు బతికి ఉంటే ఆ దావా ఉండేది కాదు, తెలుగుకి ఇంకో రెండు నాటకాలు దక్కేవేమో.

దావాలో నిలిచిన ఆ దత్తపుత్రుడు విజయరామ గజపతి గారి కాలంలో, 1919లో, ఊళ్ళో సంగీత పాఠశాల పెట్టారు. సంస్థానంలో కొలువు చేసే చాగంటి జోగారావు గారి చూపులేని కొడుక్కి సంగీతం నేర్పించాలన్న కోరికతో మొదలైందని చెప్తారు. తొలి అధ్యక్షుడిగా ఎవర్ని వేసుకున్నారనుకున్నారు? ముప్ఫై ఆరేళ్ళ కిందట ఈ ఊళ్ళో ధ్రువుడి కథ చెప్పిన నారాయణదాసు గారినే. ఆ ఏడాది ఇరవై ఆరేళ్ళ కుర్రాడొకడు ఫిడేలు పట్టుకుని విద్యార్థిగా చేరదామని వచ్చాడు. అతని వాయింపు విని, విద్యార్థిగా చేర్చుకోకుండా ఫిడేలు ఆచార్యుడిగా వేసేసుకున్నారు. ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1936లో ఆ పాఠశాలకి ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు, పి. సుశీల గారు చదువుకున్నది అక్కడే.

1958లో ఈ వంశం వారైన పి.వి.జి. రాజు గారు తండ్రి పేరున మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువులకి ఇచ్చేశారు. ఆనంద గజపతి గారి పేరున ఊళ్ళో ఒక ఆడిటోరియం ఉంది. అక్కడ ‘కన్యాశుల్కం’ ఆడినప్పుడు ముందు మాట చెప్పేవారు గిరీశం గురించీ మధురవాణి గురించీ చెప్తారు, మహారాజుని ఒక్క వాక్యంలో ముగించేస్తారు. ఆ వాక్యం తర్వాత ఆ 1,034 లెక్క కూడా చదివితే బాగుంటుంది. వయసుల వారీగా, అయిదేళ్ళ పిల్లల నుంచి ఏడాది పిల్లల దాకా, వరసగా. తెర లేచేముందు రెండు నిమిషాలు పట్టదు.