తల మార్చిన ఇంజను

తల పోయినవానికి మరియొక తల అతికించి బ్రతికించిన కథలు మన పురాణములలో రెండు ప్రసిద్ధములు. వినాయకునకు ఏనుగు తల వచ్చినది. దక్షునకు మేక తల వచ్చినది. యంత్రముల చరిత్రలోను ఇట్టి కథ ఒకటి కలదు. అయితే అచ్చట ముందుగా జరుగవలసిన పని తలను మొండెమునుండి వేరుచేయుట. మోటారు బండ్లలో అది సామాన్యమగుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది.

కొన్నేండ్ల క్రిందట గుంటూరులో ఒక మోటారు షెడ్డున మేము గడపిన రెండు మధ్యాహ్నములు ఈ ప్రసంగమునకు కారణము. మాకు పరిచితుడొకడు పాత అంబాసిడరు కారును పెండ్లిండ్లకు బాడుగకు త్రిప్పి జీవనము చేయుచుండెను. ఉదయము రేడియేటరు నిండ నీరు పోసినను సాయంకాలమునకు సగమగుచుండెను. క్రింద చుక్క కారిన జాడ లేదు. పొగగొట్టమునుండి తెల్లని ఆవిరి వచ్చుచుండెను. నూనె కొలుచు కడ్డీని పైకి తీయగా, దానికంటిన నూనె పాలు కలిపిన కాఫీ రంగున నుండెను. అంతకుముందొక షెడ్డువారు రేడియేటరులో ఏదో మందు పోసి, ఇక భయము లేదని చెప్పి, డబ్బు తీసికొని పంపిరి. ఆ వైద్యము మూడు వారములు నిలిచినది. ఈ మేస్త్రీ మాత్రము కడ్డీని వ్రేళ్ళతో తుడిచి చూచి, "హెడ్డు పగిలింది బాబూ. అదృష్టం, బ్లాకు కాదు" అనెను.

పగులుటలో అదృష్టమేమని మాకు తోచినది. ఆ మాటలో ఒక చరిత్ర ఇమిడియున్నదని తరువాత తెలిసికొంటిమి.

పిస్టను పైకి క్రిందికి ఆడు గొట్టము సిలిండరు. సిలిండర్లన్నియు కలిసిన ఇనుప దిమ్మ బ్లాకు. దానిపైని మూతయే హెడ్డు. పెట్రోలు మండునది ఆ మూత క్రిందనే. మంటకు ప్రక్కనే, కొద్దిపాటి మందముగల గోడకు ఆవల, చల్లబరచు నీరు ప్రవహించుచుండును. ఆ గోడ వెంట్రుకవాసి చీలినను నిప్పు, నీరు, నూనె ఒకదానిలో నొకటి చేరును.

1900 ప్రాంతపు ఇంజనులలో పెక్కింటికి ఈ మూత వేరుగా నుండెడిది కాదు. తలక్రిందుగా బోర్లించిన చెంబువలె, సిలిండరును మూతను కలిపి ఒకే పోతగా పోసెడివారు. దీనికి కారణము తెలివిలేమి కాదు, భయము. రెండు లోహతలముల నడుమ ఒక పలుచని గాస్కెట్టు పెట్టి, అది నిమిషమునకు వందల పేలుళ్ళను, మరుగు నీటిని ఏకకాలమున ఆపునని నమ్ముట సులభము కాదు. అతుకే లేనిచోట కారుటయు లేదు గదా! కాని సిలిండరు లోపల పట్టిన మసిని గీకవలెనన్న మొత్తము పోతను ఊడదీయవలసి వచ్చెడిది. పైభాగము పగిలినచో ఆ పోత పోయినట్లే.

ఈ భయము త్వరగా తీరలేదు. ఇంగ్లండులో డబ్ల్యు. ఓ. బెంట్లీ 1919లో ప్రదర్శించిన 3 లీటర్ల కారులో కూడ మూత విడిరాదు. ఆ పద్ధతి ఇంజనులతోనే బెంట్లీ కార్లు ఫ్రాన్సులోని లె మాన్ పందెమును 1924లోను, మరల 1927 నుండి 1930 వరకు వరుసగాను గెలిచినవి. కనుక దానిని హీనమైన పద్ధతి యనుటకు వీలులేదు. అయితే వాల్వులు నూరవలెనన్న బ్లాకునంతటిని పైకెత్తవలెను. చుట్టును పనివాండ్రుండు రేసు జట్టునకు, ధనవంతుని కారుషెడ్డునకు అది చెల్లును. పొలమునుండి సంతకు పోవు రైతునకు చెల్లదు.

ఆ రైతును తలచుకొని చేసిన బండి 1908 అక్టోబరులో అమెరికాలో వెలువడిన ఫోర్డు మోడల్ టి. నాలుగు సిలిండర్లు ఒకే బ్లాకు. పైన వేరుగా మూత. నడుమ రాగిరేకుల మధ్య ఆస్బెస్టాస్ అను రాతినార పొదిగిన గాస్కెట్టు. అన్నిటిని పట్టియుంచుటకు 15 బోల్టులు. విడివడు మూతను అంతకుముందెవరును చేయలేదని మేమనము. కాని 1927 వరకు 1 కోటి 50 లక్షల బండ్లమీద దానిని నిలిపి చూపినది ఫోర్డు. ఆయన పేరు చెప్పగానే అందరికిని 1913 నాటి కదలు వరుసపై కార్లు కూర్చు పద్ధతి స్మరణకు వచ్చును. అది కర్మాగారమునకు మేలుచేసినది. కొనినవానికి మేలుచేసినవి ఆ 15 బోల్టులని మా యభిప్రాయము. ఒక రెంచి, ఒక గీకుడు కత్తి, కొంచెము ఓపిక యున్నచో పెరటి చెట్టు నీడనే ఇంజను తల దింపవచ్చును.

తల మార్చవచ్చునని తెలిసినపిదప మంచి తల కొరకు వెదకువారు బయలుదేరిరి. షెవ్రొలే సోదరులు టి ఇంజనునకు ఫ్రాంటినాక్ అను కొత్త హెడ్డు తయారుచేసి అమ్మిరి. అట్టి హెడ్డు ధరించిన ఫోర్డు ఒకటి 1923 ఇండియానాపొలిస్ పందెమున ఐదవదిగా వచ్చినది. తాము నెలకొల్పిన కంపెనీకి ఫోర్డే పోటీయైనను, లూయీ షెవ్రొలే అప్పటికే ఆ కంపెనీని విడిచియుండుటచేత, ఇందులో ఆయనకు ఇబ్బంది లేకపోయెను.

ఇంతకును ఇనుము ఏల పగులును? పోత ఇనుములో గ్రాఫైటు పలుచని రేకులుగా వ్యాపించియుండును. ఆ రేకుల కొనలు పుట్టుకతోనే ఉన్న చిన్న చీలికలవంటివి. నొక్కినచో పోత ఇనుము కొండవలె నిలుచును. లాగినచో దాని బలము అందులో మూడవవంతో నాలుగవవంతో మాత్రమే. ఇంజను కాగినప్పుడు వాల్వుల నడుమనున్న సన్నని భాగము వ్యాకోచింపబోవును. చుట్టునున్న చల్లని లోహము సాగనీయదు. అది నలిగి ఒదుగును. చల్లారినపుడు అదే భాగము లాగబడును. ఇట్లు వేలసార్లు జరుగగా ఒకనాడు చీలును. నీరు తక్కువైన బండికి, డ్రైవరు తొందరపడి కాగిన ఇంజనులో చన్నీరు పోసిన బండికి ఆ దినము ముందుగా వచ్చును. శీతల దేశములలో మరియొక చిక్కు కలదు. నీరు గడ్డకట్టునప్పుడు సుమారు 9 శాతము పెరుగును. రాత్రి నీరు వదలివేయుట మరచినవాని ఇంజను తెల్లవారునప్పటికి పగిలియుండెడిది.

పగిలినదానిని అతుకరాదా యని శ్రోతలడుగవచ్చును. అతుకవచ్చును, కాని పోత ఇనుము కోపిష్ఠి. ఒకచోట మాత్రము వేడిచేసినచో ప్రక్కన మరల చీలును. ముందుగా మెల్లగా కాచి, తరువాత మెల్లగా చల్లార్చవలెను. 1917లో అమెరికా యుద్ధమున దిగి, తన రేవులలోని జర్మను నౌకలను స్వాధీనము చేసికొనునప్పటికి నావికులు వాని ఇంజను సిలిండర్లను పగులగొట్టి యుండిరి. కొత్త పోతలకు కాలము చాలదు. అమెరికను నౌకాదళమువారు విద్యుత్ వెల్డింగుతోను, బోల్టులతో బిగించిన అతుకులతోను కొన్ని నెలలలోనే వానిని నడిపించి, తమ సైనికులను ఫ్రాన్సునకు చేర్చిరి. అది అగత్యము చేయించిన పని. మూరెడు హెడ్డుకు అంత శ్రమ కంటె మార్పు మేలు.

అయితే తల వేరైనంతమాత్రమున అన్ని పగుళ్ళును తలకే రావు. 1932 నాటి ఫోర్డు వి-8 ఇంజనులో వాల్వులు బ్లాకులోనే యుండెను. పొగ దారులు బ్లాకు నీటిగదుల గుండనే పోవుచుండెను. అందుచేత వేడి బ్లాకునకు చేరి, పగులును బ్లాకునకే వచ్చెడిది. విడివడు హెడ్డుండియు ప్రయోజనము తక్కువ. క్రమముగా వాల్వులు పైకెక్కి హెడ్డులోనికి వచ్చినవి. వానితో వేడియు, వేడితో చీలికయు మారగల భాగమునకు వచ్చి చేరినవి. మేస్త్రీ చెప్పిన అదృష్టము ఇదియే. పడమటి బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన అంబాసిడరుకు తొలినాళ్ళ ప్రక్కవాల్వుల ఇంజను పోయి, 1959లో 1489 ఘన సెంటీమీటర్ల పైవాల్వుల ఇంజను వచ్చినది. అందులో నడిమి రెండు సిలిండర్ల పొగ ఒకే దారిన పోవును. మా మిత్రుని హెడ్డు పగిలినది సరిగా ఆ చోటనే.

కొత్త హెడ్డు దొరకలేదు. మూలబడిన మరియొక అంబాసిడరు హెడ్డును విజయవాడ ఆటోనగరు నుండి తెచ్చిరి. తెచ్చినదియు పగిలియున్నచో డబ్బు నీళ్ళపాలే గనుక మేస్త్రీ ముందుగా దానిని కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లెను. పగులున్నచోట లోనికి దిగిన నూనె సుద్దపై గీతగా తేలును. పూర్వము రైల్వే కార్ఖానాలలో ఇరుసులను పరీక్షించిన పద్ధతి ఇదియే. అయస్కాంతముతో ఇనుప పొడిని ఆకర్షింపజేసి పగులు కనుగొను పద్ధతికి విలియం హోక్ అను అమెరికనుడు 1922లో పేటెంటు పొందెను; పెద్ద కార్ఖానాలలో నేడు దానినే వాడుదురు. సుద్దపై గీత పడలేదు. అప్పుడు గాని మా మిత్రుడు టీ త్రాగలేదు.

మిగిలిన పని త్వరగా జరిగినది. బ్లాకుమీది పాత గాస్కెట్టును మేస్త్రీ తడిచేసి గీకి, గుడ్డతో తుడిచెను. రాతినార ధూళి ఊపిరితిత్తులకు చేటని అతడెరుగును. హెడ్డు అడుగు తలముపై ఉక్కు బద్ద నానించి, వెలుతురు దూరునేమోయని నలువైపుల చూచెను. కొత్త గాస్కెట్టు పరచి, నట్లను నడుమనుండి అంచులకు, చాపను మధ్యనుండి చదును చేసినట్లు, మూడు దఫాలుగా బిగించెను. ఇంజను రెండవ త్రిప్పుటకే అందుకొన్నది.

"అయిదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకురా, నట్లు ఇంకోసారి చూడాలి" అని మేస్త్రీ చెప్పగా, ఆదివారము తెనాలిలో ముహూర్తమున్నదనియు, సోమవారము తప్పక వత్తుననియు మా మిత్రుడు బదులు చెప్పెను. పగిలిన హెడ్డును మేస్త్రీ పారవేయలేదు. అందులోని వాల్వులింకను బాగుగానే యున్నవట.