సురభి మకాం

వనారస గోవిందరావు పూర్వికులు తోలుబొమ్మలాటగాళ్లు. మరాఠా ప్రాంతం నుంచి వలస వచ్చి, రాయలసీమ పల్లెల్లో తెర కట్టి బొమ్మలాడించేవారు. 1885లో గోవిందరావు కుటుంబం కడప జిల్లా సురభి గ్రామంలో బొమ్మలు పక్కనపెట్టి, తామే ముఖానికి రంగు పూసుకుని ‘కీచకవధ’ ఆడింది. ఆ ఊరి పేరే వాళ్ల నాటక సమాజానికి పేరైంది.

పద్యనాటకం జోరందుకుంటున్న రోజులవి. పట్టణాల్లో వకీళ్లు, బడిపంతుళ్లు సమాజాలు పెట్టుకుని సరదాకి నాటకాలాడేవారు. వాటిలో ఆడవేషాలు మగవాళ్లవే. సురభిలో మాత్రం ద్రౌపది వేషం ఆ ఇంటి ఆడపడుచుదో కోడలిదో. పసివాళ్లకు బాలకృష్ణుడు, కాస్త ఎదిగితే ప్రహ్లాదుడు, లవకుశులు. ఇంట్లో ఆరె మరాఠీ, తెర లేచాక తెలుగు పద్యం.

పెళ్లిళ్లతోనే సమాజం కూడా శాఖలు వేసింది. కూతురికి పెళ్లయితే అల్లుడు కొత్త బృందం పెట్టుకునేవాడు. అన్నదమ్ములు వేరుపడితే తెరలూ నగలూ పంచుకుని, తలో దారి పట్టేవారు. అలా ఒక దశలో 30కి పైగా సురభి బృందాలు తెలుగునాట తిరిగాయి.

ఊరికి రాగానే గుంజలు పాతి, రేకులు కప్పి తమ హాలు తామే కట్టుకునేవారు. దాని వెనకే కాపురం. ఒకే ఊళ్లో నెలల తరబడి ఆడాలంటే చేతిలో చాలా నాటకాలుండాలి. ఇవాళ ‘మాయాబజార్’ అయితే రేపు ‘బాలనాగమ్మ’, ఎల్లుండి ‘బ్రహ్మంగారి చరిత్ర’. వసూళ్లు బాగుంటే మకాం సాగేది. బెంచీలు ఖాళీ అయితే గుంజలు పీకి బండెక్కించేవారు. నాటకం ఎలా ఉందో ఊరు ఏ రాత్రికారాత్రి టికెట్ల దగ్గరే తేల్చేసేది.

జనాన్ని మళ్లీ మళ్లీ రప్పించినవి ట్రిక్కులు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు నోరు తెరిస్తే పళ్లెంలోని లడ్డూలు ఒక్కొక్కటే ఎగిరి నోట్లో పడతాయి. యుద్ధంలో రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొని మెరుస్తాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. అన్నిటికీ సన్నటి తీగలు, కప్పీలు, తెర పక్కన వాటిని లాగే చేతులు. ముందు సీనులో రాజుగా కొలువుతీరినవాడే తర్వాతి సీనుకు తీగ పట్టుకోవచ్చు. జీతానికి పెట్టుకున్న మనుషులైతే ఇన్ని పనులు ఇంత ఒడుపుగా సాగడం కష్టమే.

తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆ నాటకం ఆడుతున్న సురభివాళ్లనే దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి బొంబాయి పిలిపించుకున్నారు. లీలావతి వేషం సురభి కమలాబాయిది. 1932లో ఆ చిత్రం విడుదలైంది. సురభి నుంచి పాత్రధారుల్ని తీసుకెళ్లిన సినిమాయే, ఊరూరా హాళ్లు వెలిశాక, ప్రేక్షకుల్నీ తీసుకెళ్లింది. బృందాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

మిగిలినవాటిలో 1937లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఒకటి. హైదరాబాదు శివారు శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఏర్పడ్డాక తిరుగుడు తగ్గింది. 1990ల్లో రంగస్థల దర్శకుడు బి.వి.కారంత్ వచ్చి వీళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. పౌరాణికాలకు అలవాటుపడ్డ నటులు బస్తీ మనుషుల వేషాలు కట్టారు. ఆ మండలిని నడిపిన, అందరూ బాబ్జీ అని పిలిచే రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. బృందం ఫ్రాన్సుకూ వెళ్లి ఆడివచ్చింది.

పురస్కారం వచ్చేనాటికి నెలల మకాములు దాదాపు పోయాయి. ఉత్సవాలకు, ప్రభుత్వ వేడుకలకు పిలిస్తే వెళ్లి ఒకటి రెండు రాత్రులు ఆడి రావడమే ఎక్కువైంది. అలా వెళ్లినచోట ఎక్కువగా అడిగేది ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’. రోజుకో నాటకం మార్చి ఆడే అవసరం తీరిపోవడంతో, మిగతావాటి పద్యాలూ ట్రిక్కులూ పిల్లలకు నేర్పే సందర్భాలు తగ్గిపోయాయి.