గ్రామలెక్కల కావలి

2022లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరిన గూడూరు ప్రాంతమున, అభ్రకపు గనులకును నిమ్మతోటలకును పేరుగన్న ఆ నేలపై, ఎవరి మడి ఎవరిదో చెప్పు ప్రమాణము తరతరములుగా కరణముగారి అడంగలను భూమిలెక్కయే యైయుండెను. ఏటేట జమాబందిలో పైయధికారులు తనిఖీ చేసినను, తక్కిన కాలమంతయు లెక్క ఆయన చేతిలోనిదే యైయుండెను. ఆ దస్త్రపు పెట్టె తెరువగల చేయి ఒక్కటే యగుటచే, తప్పు జరిగిన నెవరి నడుగవలెనో ఊరివారెల్ల రెరిగియుండిరి. ఆ ఏకాధిపత్యము పేదరైతున కెంత కీడు చేసెనో మరువరాదు.

1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆ వంశపారంపర్య పదవులను రద్దుచేసెను. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చెను. 2015లో ‘మీభూమి’ వెబ్‌సైటు అడంగలును రైతు ముంగిటికి తెచ్చెను. ఇది నిస్సంశయముగా మేలే.

అయితే దస్త్రము డేటాబేస్ సర్వరునకు చేరినపుడు ప్రమాదము రూపు మార్చుకొనును. పట్టికలలోని సమాచారమును మాత్రమే చెప్పవలసిన సర్వరునకు డిస్కుమీది ఫైళ్లను చదువు అధికారముకూడ నుండినచో, దూరముననున్న దుష్టు డొక్క ప్రశ్నలో కపటపు ఆజ్ఞను చొప్పించి సంకేతపదముల ఫైలునే బయటికి రాబట్టగలడు. విండోస్ సర్వరునకు అన్యయంత్రపు చిరునామా నిచ్చినచో, అది తానే అచటికి పోయి, తన గుర్తింపు ఋజువును శత్రువున కప్పగింపవచ్చును. ఇట్టి ఫైళ్ల దారులను కట్టడిచేయుటకు, డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో నొకటియగు మైఎస్‌క్యూఎల్ 8.0లో క్లయింటు ఫైళ్లను సర్వరున కెక్కించు సౌకర్యమును అప్రమేయముగానే మూసివేసిరి. మరియొకటియగు పోస్ట్‌గ్రెస్ 11లో సర్వరు ఫైళ్లను చదువుటకు వేరొక అధికారపాత్ర నేర్పరచిరి. రెండును 2018లోనివే, నా యభిప్రాయమున చాల ఆలస్యముగా వచ్చిన కట్టుబాట్లు.