ధర దిగినను అప్పు దిగలేదు

గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో మిరప ధర, ప్రత్తి ధర చర్చకు రాని ఇల్లుండదు. అయినను ఆర్థిక సంక్షోభమనగానే అది ఎచ్చటనో పరదేశపు నగరములలో జరుగు వ్యవహారమని మన విద్యార్థులు తలచెదరు. అది మన కళ్లములలోనికి ఎట్లు వచ్చినదో ఒకమారు విచారింతము.

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలినది. ఒంగోలు నాడు గుంటూరు జిల్లాలోనిదే. ఇచ్చటి సామాన్య రైతు ఆ వాటాలను కన్నెత్తి చూచినవాడు కాడు. కాని అతని ప్రత్తికి, వేరుసెనగకు ధర కట్టునది ప్రపంచపు బజారు. అచ్చట గిరాకి పోగా, కొలది సంవత్సరములలోనే మన దేశమున పంటల ధరలు సుమారు సగమునకు దిగినవి. సర్కారు శిస్తు, షావుకారుకు వ్రాసిన ప్రోనోటు మాత్రము దిగలేదు.

చిన్న లెక్క వేసి చూతము. బస్తా పది రూపాయలు పలుకునప్పుడు నూరు రూపాయల బాకీ పది బస్తాలతో తీరును. ధర అయిదు రూపాయలైనచో ఇరువది బస్తాలు కావలెను. రైతు క్రొత్తగా అప్పు చేయలేదు. అయినను అతని బరువు రెట్టింపైనది. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిన పిదప, పల్లెల ఆడువారి నగలు సయితము అమ్ముడై, ఆ బంగారము ఓడలలో విదేశములకు తరలినది. తుదకు 1938లో మదరాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణ విమోచనకు చట్టము చేసి, పాత బాకీలపై పేరుకొన్న వడ్డీని రద్దుచేసినది.

ఇట్టి విషయములు రైతులకే తెలియవలెనని తలచినవారు ఆచార్య ఎన్.జి. రంగా. ఆక్స్‌ఫర్డులో చదివి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించిన ఆయన, 1930ల దశకమున స్వగ్రామమైన నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నడిపి, ఆర్థిక రాజకీయ విషయములు నేర్పించిరి.

నేటి ఉపాధ్యాయునకు సాధనములు మరింత చేరువలో కలవు. పాత ప్రభుత్వ నివేదికలెన్నో ఇంటర్నెట్ ఆర్కైవునందును, 1929 నాటినుండి అమెరికా గణాంకములు సెయింట్ లూయీ ఫెడరల్ రిజర్వు బ్యాంకు వారి 'ఫ్రెడ్' నందును, మన మార్కెట్ యార్డుల ధరలు కేంద్రప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ నందును రుసుము లేకయే లభించుచున్నవి. బడిలో ఒక్క కంప్యూటరున్నను చాలును.

అయితే ఇంటి బాకీ ఎంతయో ఆ గణాంకములలో ఉండదు. దానిని విద్యార్థి తన పెద్దలనే అడుగవలెను. అడిగి, యార్డు ధర ప్రక్కన వ్రాసికొని, ఆ ధర సగమైననాడు బాకీ తీర్చుటకు ఎన్ని బస్తాలు కావలెనో తానే లెక్క వేయవలెను.